1955 గిబ్సన్ ఈఎస్-125: రిపేరు డైరీ

జనవరి, రెండో శనివారం

డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి, గిబ్సన్ కంపెనీ పాత ఎలక్ట్రిక్ గిటార్ పడుకోబెట్టాను. స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు లెక్క తేలాలి. ఏవి అసలువి, ఏవి మధ్యలో ఎవరో మార్చినవి, ఏవి పోయాయి.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, బ్యాటిల్ క్రీక్‌లో ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మేసే చోట) దొరికింది. అక్కడి నుంచి కలమజూకి కారులో అరగంట. ఈ గిటార్ తయారైంది కలమజూలోనే, పార్సన్స్ స్ట్రీట్‌లో 1917లో తెరిచిన గిబ్సన్ ఫ్యాక్టరీలో. ఇన్నేళ్లూ ఇది పుట్టింటి చుట్టుపక్కలే తిరిగినట్టుంది. నేనుండేది అదే రాష్ట్రంలోని నోవైలో. తెలుగువాళ్లకి కొదవలేని ఊరే గానీ, పాత గిటార్లు విప్పే పిచ్చి ఉన్నవాళ్లు మాత్రం నాకింకా తగల్లేదు.

పైకి కనిపిస్తున్నవి రాసుకున్నాను. సన్‌బర్స్ట్ రంగు బాగానే ఉంది, లక్కర్ నిండా వెంట్రుక వాసి బీటలు. మీటేటప్పుడు చెక్క గీసుకుపోకుండా కాపాడే పిక్‌గార్డ్ లేదు, దాని స్క్రూ రంధ్రాలు మాత్రం మిగిలాయి. తీగలు బిగించి శ్రుతి చేసే ట్యూనర్ల ప్లాస్టిక్ బటన్లు కుంచించుకుపోయి, తిప్పబోతే పొడిపొడిగా రాలుతున్నాయి. సన్నతీగల వైపు ఎఫ్-హోల్ (పై పలకలో ఎఫ్ అక్షరం ఆకారంలో కోసిన రంధ్రం) అంచున ప్లైవుడ్ పై పొర లేచింది. పక్క పలకలో కేబుల్ గుచ్చే జాక్ వదులు. వాల్యూమ్ నాబ్ తిప్పితే ఆంప్‌లో (యాంప్లిఫయర్‌లో) బరబర. నెక్ మాత్రం కంటికి తిన్నగా కనిపిస్తోంది. పాత ఆర్చ్‌టాప్‌లో (ఉబ్బెత్తు పై పలక ఉన్న గిటార్‌లో) నెక్ నిలబడి ఉంటే మిగతావన్నీ ఓపిక ఉంటే అయ్యే పనులే.

మా బావకి రాజమండ్రిలో ప్లైవుడ్ షాపు ఉంది. వీడియో కాల్‌లో చూపించాను. కళ్లజోడు పైకెత్తి ఎఫ్-హోల్ అంచునే చూశాడు.

"ఇది ప్లైవుడ్డే కదయ్యా?"

"అవును బావా. మేపుల్ ప్లైవుడ్."

"డెబ్బై ఏళ్ల ప్లైవుడ్డుకి అన్ని డాలర్లు పోశావా! నా దగ్గరికొస్తే గ్యారంటీ కార్డుతో సహా ఇచ్చేవాణ్ణిగా."

వెటకారమే గానీ, ఆయన చెయ్యి పెట్టింది సరైన చోటే. ఈ మోడల్ గుణమంతా ఆ ప్లైవుడ్‌లోనే ఉంది.

మర్నాడు

పుట్టిన తేదీ కోసం ఎఫ్-హోల్‌లోంచి టార్చి వేశాను. వెనక పలక లోపలి వైపు మసకగా సిరా ముద్ర. ముందు డబ్ల్యూ, తర్వాత అంకెలు. ఇది గిబ్సన్ వాళ్ల ఫ్యాక్టరీ ఆర్డర్ నంబరు. 1952లో జెడ్‌తో మొదలుపెట్టి ఏడాదికో అక్షరం చొప్పున వెనక్కి నడిచారు. 53కి వై, 54కి ఎక్స్, 55కి డబ్ల్యూ. అలా 1961లో క్యూ దాకా వచ్చి ఆపేశారు. చిన్న అద్దం పెట్టి వాల్యూమ్ పాట్ (నాబ్ కింద ఉండే కంట్రోల్) వెనక చూస్తే 134తో మొదలయ్యే కోడ్ ఉంది. 134 అంటే సెంట్రలాబ్ కంపెనీ. తర్వాతి 5 సంవత్సరం, చివరి రెండంకెలు వారం. పాట్ తేదీ చూసి గిటార్ అంతకంటే పాతది కాదని చెప్పగలం, అంతే. ఇక్కడ రెండూ 1955నే చూపిస్తున్నాయి కాబట్టి పేచీ లేదు.

ఈ వంశానికి మూలం 1936 నాటి ఈఎస్-150. ఈఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. అప్పట్లో ఒళ్లో అడ్డంగా పెట్టుకుని వాయించే హవాయన్ గిటార్లు జోరుగా అమ్ముడయ్యేవి, వాటి నుంచి వేరు చెప్పడానికి ఆ పేరు. ఆంప్, కేబుల్ కలిపి సెట్టు ధర 150 డాలర్ల చుట్టూ ఉండేది, అంకె అక్కడి నుంచి వచ్చింది. దాని పై పలక స్ప్రూస్ చెక్కను ఉలితో చెక్కి ఉబ్బెత్తుగా తీసినది. ఆ గిటార్‌తోనే ఓక్లహోమా సిటీ కుర్రాడు చార్లీ క్రిస్టియన్ 1939లో బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరాడు. అంతకుముందు పెద్ద బ్యాండ్లలో గిటార్ పని వెనక కూర్చుని తాళం మోయడమే. బాకాల మధ్య తీగ నాదం ఎవరికి వినిపిస్తుంది? క్రిస్టియన్ ఒక్కో స్వరం పట్టుకుని శాక్సఫోన్‌తో సమానంగా సోలో వాయించాడు. క్షయ వచ్చి 1942 మార్చిలో పోయాడు. అప్పటికి పాతికేళ్లు. ఎలక్ట్రిక్ గిటార్ ఎందుకు అన్న ప్రశ్నకి ఆ రెండున్నరేళ్లలోనే జవాబు చెప్పేసి వెళ్లాడు.

150 కొనలేనివాళ్ల కోసం 1938లో ఈఎస్-100 వచ్చింది. 1941లో దానికే ఈఎస్-125 అని పేరు మార్చారు. యుద్ధం వచ్చి ఎలక్ట్రిక్ గిటార్ల తయారీ ఆగిపోయింది. 1946లో మళ్లీ మొదలైనప్పుడు ఒళ్లు పెరిగింది, 16.25 అంగుళాల వెడల్పు. చెక్కిన పలక పోయి, అచ్చులో వేడితో నొక్కిన మేపుల్ ప్లైవుడ్ వచ్చింది. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్ కూడా కొత్తది, దాని పేరు పీ-90. ఆ రూపమే కొద్దిపాటి మార్పులతో 1970 దాకా నడిచింది.

ఉబ్బెత్తు పలక అనేది వయొలిన్ల నుంచి తెచ్చుకున్న పద్ధతి. ఓర్విల్ గిబ్సన్ దాన్ని ముందు మాండొలిన్లకి, గిటార్లకి పట్టించాడు. 1902లో ఆయన పేరు మీద పెట్టిన కంపెనీ పేరులోనూ మాండొలినే ముందు, గిటార్ తర్వాత. మాండొలిన్‌కి కరెంటు తగిలిస్తే ఏమవుతుందో పాలకొల్లు శ్రీనివాస్‌ని విన్న మనకి వేరే చెప్పక్కర్లేదు.

జనవరి చివర

బయట మైనస్ పన్నెండు. ఇంట్లో హీటర్ ఆడుతుంటే గాలిలో తేమ 22 శాతానికి పడిపోయింది. ఈ తేమలో చెక్కకి జిగురు పని పెట్టుకుంటే వేసవికి మళ్లీ లేస్తుంది. చిన్న గదిలో హ్యుమిడిఫైయర్ పెట్టి, 45 శాతం నిలబడేదాకా గిటార్‌ని అక్కడే ఉంచాను.

ఇవాళ ఎఫ్-హోల్ అంచు పని. లేచిన పొర బొటనవేలి గోరంత. దానికింద దశాబ్దాల దుమ్ము. సన్నని బ్రష్, ఆ తర్వాత తడి చేసి పిండేసిన దూది. పాత జిగురు మెత్తబడి బెల్లం పాకం రంగులో దూదికి అంటింది. కొత్తది కూడా జంతువుల తోలుతో చేసే హైడ్ గ్లూనే వాడాను. నీళ్లలో నానబెట్టి 60 డిగ్రీల దగ్గర ఉంచితే తేనెలా జారుతుంది. సిరంజితో పొర కిందికి ఎక్కించాను. అది చల్లబడి గడ్డకట్టేలోపు ఉండేది నిమిషం. క్లాంప్ లోపలికి పట్టదు కాబట్టి లోపల ఒక అయస్కాంతం, పైన ఒక అయస్కాంతం, మధ్యలో జిగురు అంటని ప్లాస్టిక్ కాగితం. వేళ్లు వదలగానే రెండూ టక్కున పట్టుకున్నాయి. అంచులోంచి పూసలా బయటికొచ్చిన జిగురుని గోరువెచ్చని గుడ్డతో తుడిచేశాను. అతుకు గీత కనిపిస్తుంది, కనిపించనీ. దాని మీద రంగు వేయడం, పాలిష్ పట్టడం నా లిస్టులో లేవు.

హైడ్ గ్లూ మీద ఇంత పట్టుదల ఎందుకంటే, రేపు ఇంకెవరైనా విప్పాలంటే వేడి, తడి తగిలిస్తే వదులుతుంది. సూపర్ గ్లూ వేసిన చోట తర్వాత వచ్చేవాడు ఉలి పట్టుకోవాలి.

ఫిబ్రవరి మొదటివారం

కరెంటు భాగం. ఇలా లోపల బోలుగా ఉండే హాలో బాడీలో వైరింగ్ మార్చడానికి వెనక మూత ఉండదు. పాట్లు, కెపాసిటర్, జాక్ అన్నీ ఎఫ్-హోల్‌లోంచే బయటికి రావాలి, మళ్లీ దాంట్లోంచే లోపలికి పోవాలి. నట్లు విప్పే ముందు ఒక్కో షాఫ్ట్‌కి ఒక్కో రంగు దారం కట్టాను. లోపలికి దించాక దారం రెండో కొస బయటే ఉంటుంది. తిరిగి పెట్టేటప్పుడు లాగితే షాఫ్ట్ తన రంధ్రంలోకి తనే వచ్చి కూర్చుంటుంది. దారం కట్టనివాడు రాత్రంతా ఆ గిటార్‌ని తలకిందులు చేసి ఊపుతూ కూర్చోవాల్సిందే.

పాట్లు మార్చే ఉద్దేశం లేదు. కాంటాక్ట్ క్లీనర్ రెండు చుక్కలు వేసి ఆ చివరి నుంచి ఈ చివరికి చాలాసేపు తిప్పాను. బరబర పోయింది. జాక్ మాత్రం ఎవరో తర్వాత వేసిన చవకరకం. దాని దగ్గర సోల్డర్ కొత్తగా, ముద్దగా ఉంది. అది తీసి మంచిది వేశాను. టోన్ కెపాసిటర్ 0.02 మైక్రోఫారడ్, అసలుదే. కొలిచి, ఫర్వాలేదనిపించి వదిలేశాను. తీగల చివర్లు పట్టి ఉంచే టెయిల్‌పీస్‌కి వెళ్లే ఎర్త్ వైరు తెగలేదని మల్టీమీటర్ బీప్‌తో తేలింది.

ఇక పీ-90. వాల్టర్ ఫుల్లర్ డిజైన్. వెడల్పాటి బల్లపరుపు చుట్ట, 42 గేజీ రాగితీగ సుమారు పదివేల చుట్లు. చుట్ట కింద రెండు ఆల్నికో అయస్కాంతపు బద్దలు, వాటి మధ్యలోంచి పైకి ఆరు ఇనుప స్క్రూలు. చుట్ట వెడల్పుగా ఉండటంతో తీగని కాస్త ఎక్కువ నిడివిలో వింటుంది. మధ్యస్థాయి నిండుగా రావడం, గట్టిగా మీటితే గొంతు కొద్దిగా గరుకెక్కడం అందుకే. గ్యారేజీలో కొలిస్తే 7.6 కిలో ఓమ్‌లు, ఇంట్లోకి తెచ్చి గది వేడికి రానిచ్చాక 8.1. పికప్‌కి ఏమీ కాలేదు, రాగి వేడెక్కితే నిరోధం పెరుగుతుంది, అంతే. పాత పికప్ కొనేటప్పుడు ఎవరైనా దశాంశ స్థానం మీద బేరమాడుతుంటే నాకు నవ్వొచ్చేది ఇందుకే.

ఈ మోడల్‌లో పికప్ కవర్‌కి రెండు చెవులుంటాయి. వాటిలోంచి స్క్రూలు నేరుగా పై పలకలోకి. స్ప్రింగు లేదు, ఫ్రేము లేదు. పలక కదిలితే పికప్పూ కదులుతుంది. ఖర్చు తగ్గించడానికి చేసిన పనే అయ్యుండొచ్చు, కానీ ఈ గిటార్ గొంతులో వినిపించే ఆ చెక్క మోతకి ఇది కూడా కారణమని నా నమ్మకం.

గుంయ్ అనే హమ్ ఉంది, ఉంటుంది. సింగిల్ కాయిల్ గాల్లో ఉన్న కరెంటు గోలంతా పోగేస్తుంది. విచిత్రం ఏంటంటే, ఈ గిటార్ తయారైన 1955లోనే, ఇదే కంపెనీలో పనిచేసే సెత్ లవర్ ఆ గోలని రద్దు చేసే హంబకర్ అనే పికప్‌కి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. 1957లో ఖరీదైన మోడళ్లకి అది బిగించారు. ఈఎస్-125కి మాత్రం చివరిదాకా పీ-90నే. ఇక్కడ హమ్ 60 హెర్ట్జ్, బీ స్వరానికి కొంచెం కింద. హైదరాబాద్‌లో ఆంప్‌కి తగిలిస్తే 50 హెర్ట్జ్, దాదాపు జీ. తీసుకెళ్లడం మాత్రం అంత తేలిక కాదు. ఆ కాలపు గిబ్సన్‌లలో ఫింగర్‌బోర్డుకి (నెక్ మీద వేళ్లు నొక్కే పలకకి) వాడింది బ్రెజిల్ రోజ్‌వుడ్. 1992 నుంచి ఆ చెట్టు అంతర్జాతీయంగా కఠినమైన రక్షణలో ఉంది. కాగితాలు లేకుండా సరిహద్దు దాటించి టెన్షన్ పడటం నాకిష్టం లేదు.

ఫిబ్రవరి, మంచు తుఫాను రోజు

ఆఫీసు ఇంటి నుంచే, మీటింగులు రెండూ రద్దు. ఫ్రెట్ల (ఫింగర్‌బోర్డు మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) పని మొదలెట్టాను.

అరుగుదలంతా మొదటి మూడు ఫ్రెట్ల మీదే. రెండో తీగ, మూడో తీగ కింద చిన్న గుంటలు, వేలిగోరు తగిలితే తెలుస్తోంది. ఐదో ఫ్రెట్ దాటాక కొత్తవాటిలా ఉన్నాయి. అంటే దీని మీద వాయించినవాళ్లెవరో సీ, జీ, డీ కార్డులు దాటి పెద్దగా పైకి వెళ్లలేదు. తొలి పాఠాల గిటార్ ఇది.

గిబ్సన్ కూడా దీన్ని అందుకే చేసింది. ఫింగర్‌బోర్డుకి అంచుపట్టీ లేదు. గుర్తులకి చుక్కలే. హెడ్‌స్టాక్ (నెక్ తల) మీద పేరు ముత్యపు చిప్పతో పొదిగింది కాదు, అచ్చు వేసిందే. పై ఫ్రెట్లు అందేలా భుజం దగ్గర కోత లేదు. అదే ఫ్యాక్టరీలో 1949 నుంచి తయారైన ఈఎస్-175కి ఇవన్నీ ఉన్నాయి, జాజ్ వాళ్లు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. అయితే ఆ హంగులన్నీ పక్కనపెట్టి చూడండి. రెండింటికీ అదే 16.25 అంగుళాల ఒళ్లు, అదే ప్లైవుడ్, 1957 దాకా అదే పీ-90. అన్న పెళ్లికొడుకు ముస్తాబులో ఉన్నాడు, తమ్ముడు బనీను మీద ఉన్నాడు. కళ్లు మూసుకుని వింటే ఏది ఏదో చెప్పడం కష్టం.

ట్రస్ రాడ్ చూశాను. నెక్‌లో ఇనుప కడ్డీ పెట్టి వంపు సరిచేసే ఈ ఏర్పాటు గిబ్సన్ ఉద్యోగి థాడియస్ మెక్‌హ్యూది, పేటెంట్ 1923. హెడ్‌స్టాక్ మీద గంట ఆకారపు మూత తీస్తే నట్ కనిపిస్తుంది. ముందు ఒక చుక్క నూనె, కాసేపు ఆగి పావు తిప్పు. తీగలు శ్రుతిలో ఉంచే కొలిచాను. మొదటి ఫ్రెట్‌నీ పద్నాలుగునీ నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ దగ్గర సందు కొలిచే ఫీలర్ గేజ్ దూర్చితే 0.25 మిల్లీమీటర్లు. ఇక ముట్టుకోను.

తర్వాత తీగలు విప్పి, చెక్కకి టేపు వేసి, ఫ్రెట్ల నెత్తిన మార్కర్‌తో నలుపు పూసి, చదునైన ఆకురాయి నడిపించాను. సిరా పోయిన చోట ఎత్తు, మిగిలిన చోట పల్లం. గుంటలు పూర్తిగా పోయేదాకా రాస్తే ఫ్రెట్‌లో లోహం మిగలదు, అందుకే ఒకటో ఫ్రెట్‌లో కాస్త నీడ ఉండగానే ఆపాను. మెరుగుకి స్టీల్ ఊల్ వాడే అలవాటున్నవాళ్లు గిటార్‌లో పికప్ ఉందని గుర్తుపెట్టుకోవాలి. ఆ సన్నని ఇనుప నూగు అయస్కాంతానికి అంటుకుంటే జన్మలో వదలదు. నేను నీళ్లతో తడిపి రుద్దే గరుకు కాగితం వాడాను.

మార్చి మొదట్లో

తీగల్ని మోసే బ్రిడ్జ్ దగ్గరే ఎక్కువ సమయం పట్టింది, సరదా కూడా అక్కడే.

ఈ గిటార్ బ్రిడ్జ్‌ని దేంతోనూ అతికించరు. రోజ్‌వుడ్ దిమ్మ రెండు కాళ్ల మీద నిలబడి ఉంటుంది, తీగల బరువే దాన్ని పట్టి ఉంచుతుంది. తీగలన్నీ ఒకేసారి విప్పితే జారి పక్కకి పోతుంది. అందుకని దాని స్థానం టేపుతో గుర్తు పెట్టుకున్నాను. మళ్లీ పెట్టాక పన్నెండో ఫ్రెట్ దగ్గర హార్మోనిక్ (తీగని నొక్కకుండా తాకి మీటే స్వరం), అదే ఫ్రెట్ నొక్కిన స్వరం రెండూ శ్రుతి చూపించే ఎలక్ట్రానిక్ ట్యూనర్‌లో ఒకటయ్యేదాకా వెంట్రుక వాసి జరుపుతూ పోవడమే.

ఆరో తీగ కుదిరింది, ఒకటో తీగ కుదిరింది. మూడోది మాత్రం ఎంత జరిపినా హెచ్చుగా పలుకుతోంది. కారణం బ్రిడ్జ్‌లో లేదు, నేను వేసిన తీగల్లో ఉంది. ఇప్పటి ఎలక్ట్రిక్ సెట్లలో మూడో తీగ చుట్టు లేని ఉత్త ఉక్కు తీగ. 1955లో మూడో తీగకి కూడా లోహపు చుట్టు ఉండేది. చుట్టిన తీగలో లోపలి ఉక్కు సన్నం, నొక్కినప్పుడు శ్రుతి తక్కువ పెరుగుతుంది. ఉత్త తీగ లావు, ఎక్కువ పెరుగుతుంది, కాబట్టి దానికి ఇంకొంచెం నిడివి కావాలి. ఈ బ్రిడ్జ్ మీద చెక్కిన మెట్లు చుట్టిన మూడో తీగ లెక్కకి చెక్కినవి. చాలామంది ఇక్కడ బ్రిడ్జ్ పారేసి ఇత్తడి స్క్రూలతో సర్దుకునే కొత్తది కొంటారు. నాకు తీగలు మార్చడమే తేలికనిపించింది.

12, 16, 24, 32, 42, 52 ఫ్లాట్‌వౌండ్ సెట్ వేశాను. అంకెలు అంగుళంలో వేయో వంతుల్లో. పై చుట్టు బద్దలా చదునుగా ఉంటుంది, వేలు జారితే కీచుమనదు. వేయగానే మూడో తీగ శ్రుతిలో కూర్చుంది. దానితోపాటు గొంతూ మారిపోయింది. మీటగానే చెక్క "తుమ్" అంటుంది, స్వరం గుండ్రంగా వచ్చి త్వరగా తగ్గిపోతుంది. సాగదీద్దామంటే సాగదు. ఆ తగ్గిపోవడమే నాకు నచ్చింది. వేగంగా వాయించే స్వరాలు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా వినిపిస్తాయి. పాత స్వింగ్ పదాలు ఈ గిటార్ మీద తమంతట తాము పడతాయి, రాక్ వాయిద్దామంటే మొండికేస్తుంది.

ట్యూనర్ల బటన్లూ ఇవాళే అయిపోయాయి. పాతవి శ్రావణంతో నలిపేసి, షాఫ్ట్‌ని సోల్డరింగ్ ఐరన్‌తో వేడిచేసి కొత్త బటన్ నొక్కితే కరిగి పట్టేస్తుంది. రంగు కొంచెం తెల్లగా కొడుతోంది.

మార్చి మధ్యలో

ఇప్పటిదాకా చిన్న ఆంప్, చిన్న శబ్దం. ఉగాది కార్యక్రమంలో వయొలిన్, కీబోర్డు, తబలాతో కూర్చోవాలి కాబట్టి బేస్‌మెంట్‌లో గట్టిగా పెట్టి చూశాను. ఐదో తీగ ఖాళీగా మీటి వదలగానే ఆ ఏ స్వరం తగ్గాల్సింది పోయి పెరగడం మొదలైంది. కాసేపటికి ఇంట్లో గ్లాసులు అదిరాయి. పైనుంచి "ఏంటది?" అని కేక.

మైకు బిగించి వీణ వాయించేవాళ్లకి ఈ బాధ కొత్త కాదు. ఆంప్‌లోంచి వచ్చిన శబ్దం పై పలకనీ లోపలి గాలినీ కదుపుతుంది. పలక తీగల్ని కదుపుతుంది, పికప్ అది విని మళ్లీ ఆంప్‌కి పంపుతుంది. పెట్టె సహజంగా మోగే స్వరం దగ్గర ఈ చక్రం ఊళ అందుకుంటుంది. నా గిటార్‌కి అది 110 హెర్ట్జ్ చుట్టుపక్కల. నిజానికి ప్లైవుడ్ దీన్ని తగ్గించింది. బరువైన బిరుసు పలక కాబట్టి, చెక్కిన స్ప్రూస్ కంటే ఆలస్యంగా ఊళ అందుకుంటుంది. అయినా డ్రమ్ముల పక్కన నిలబడాల్సిన కాలం వచ్చేసరికి ఈ ఆలస్యం సరిపోలేదు. గిబ్సన్ 1952లో లెస్ పాల్ పేరుతో లోపల ఖాళీ లేని గిటార్ తెచ్చింది. 1958లో ఈఎస్-335కి పల్చని ఒళ్లు ఇచ్చి మధ్యలో మేపుల్ దిమ్మ పెట్టింది. 125లోనూ 1956 నుంచి పల్చని రకం వచ్చింది. రెండు పికప్‌ల పల్చని 125తోనే తర్వాత జార్జ్ థొరోగుడ్ స్టేజీలు అదరగొట్టాడు, లోపల దిమ్మ లేకుండానే.

నేను చేసింది చిన్న సర్దుబాట్లు. ఆంప్‌కి ఎదురుగా నిలబడకుండా పక్కకి తిరిగాను. ఆంప్ బేస్ సగానికి దించాను. టెయిల్‌పీస్‌కీ బ్రిడ్జ్‌కీ మధ్య తీగల్లో చిన్న ఫెల్ట్ ముక్క అల్లాను. సన్నతీగల వైపు ఎఫ్-హోల్‌లో నల్ల ఫోమ్, రేపు తీసేస్తే మచ్చ కూడా ఉండదు. పలకకి దిమ్మ అతికించమనీ, పికప్ కింద రబ్బరు వేయమనీ సలహాలొచ్చాయి. అవి చేస్తే ఊళ తగ్గుతుంది నిజమే, కానీ పలకా పికప్పూ కలిసి కదలడం కూడా పోతుంది. అప్పుడు ఈ గిటార్ ఎందుకు, ఇంకోటి కొనుక్కుంటే పోలా?

మిగిలింది పిక్‌గార్డ్. ఆ కాలపు సెల్యులాయిడ్ కుళ్లి ఆవిరి వదిలితే చుట్టూ ఉన్న లోహం తుప్పు పడుతుంది, కాబట్టి పాతది వెతకను. మామూలు ప్లాస్టిక్ షీటు మీద నమూనా గీసి ఉంచాను. స్క్రూ రంధ్రాలు పాతవే వాడుతున్నాను, కొత్తది ఒక్కటీ వేయను. ఉగాదికి సెట్టింగులు: గిటార్ వాల్యూమ్ ఏడు, టోన్ నాలుగు, ఆంప్ నా కుడివైపు వెనక, వయొలిన్‌కి దూరంగా.